దేవుడి మీద కోపం రావడం జబ్బా?

మనసు – నమ్మకం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. దేవుణ్ణి నమ్మేవాళ్లకి సైకాలజిస్టుతో పనేమిటని కొందరు, సైకాలజీ చదివినవాళ్లకి దేవుడితో పనేమిటని ఇంకొందరు. నేను చాలా ఏళ్లు సైకాలజీ చరిత్ర పాఠం చెప్పాను, సాయంత్రాలు కౌన్సెలింగ్ గదిలో కూర్చున్నాను. పొద్దున పాఠంలో కొట్టిపారేసిన ప్రశ్నే సాయంత్రం ఎవరో ఒకరు కన్నీళ్లతో అడిగేవారు. అందుకే ఈ ఉత్తరాలంటే నాకు ఇష్టం. రాసినవాళ్లని గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను.

ప్రశ్న: ఎం.ఏ. సైకాలజీ చదువుతున్నాను. 1879లో ల్యాబ్ పెట్టినప్పుడు సైకాలజీ పుట్టిందని, మతాన్నీ ఆత్మనీ వదిలించుకున్నాకే అది సైన్సు అయిందని మాకు చెప్పారు. నాకేమో ప్రార్థనకీ ఒత్తిడికీ ఉన్న సంబంధం మీద డిసర్టేషన్ రాయాలని ఉంది. "అది సైకాలజీయే కాదు" అని ఫ్రెండ్స్ అంటున్నారు. టాపిక్ మార్చుకోవాలా?
– ఒక విద్యార్థిని

జవాబు: మార్చకమ్మా. మీకు చెప్పిన చరిత్రలో సంవత్సరం సరిగ్గానే ఉంది, మనుషులే సగం మిగిలారు.

1879లో లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో విల్‌హెల్మ్ వుంట్ ప్రయోగశాల మొదలుపెట్టాడు. శబ్దం వినపడ్డాక మీట నొక్కడానికి మనిషికి ఎంతసేపు పడుతుందో సెకనులో వెయ్యో వంతు దాకా అక్కడ కొలిచేవారు. అదే వుంట్ 1900 నుంచి 1920లో చనిపోయేదాకా పది సంపుటాల పెద్ద పుస్తకం రాశాడు. అందులో ఉన్నది భాష, పురాణగాథలు, మతం, ఆచారాలు. ల్యాబులో కొలవగలిగింది మనసులో కొంత భాగమేనని, మనుషులు కలిసి బతకడంలోంచి పుట్టే నమ్మకాల లాంటివాటిని వేరే దారిలో చదవాలని ఆయన అభిప్రాయం. సిలబస్‌లోకి మీట వచ్చింది, ఆ పది సంపుటాలు రాలేదు.

ఆయనకంటే ముందు అదే ఊళ్లో గుస్టాఫ్ ఫెక్నర్ ఉన్నాడు. ఫిజిక్సు ప్రొఫెసర్. రంగుటద్దాల్లోంచి సూర్యుణ్ణి చూస్తూ ప్రయోగాలు చేసి కళ్లు పాడుచేసుకున్నాడు. దాంతో పాటు మనసూ కుంగిపోయి, ఉద్యోగం వదిలేసి కొన్నేళ్లు చీకటి గదిలో గడిపాడు. కోలుకున్నాక ఆయన్ని పట్టుకున్న ప్రశ్న ఒక్కటే: దేహం, ఆత్మ ఒకే సత్యానికి రెండు ముఖాలని ఎలా చూపించడం? 1850 అక్టోబర్ 22 ఉదయం, ఇంకా పక్క మీద ఉండగానే, ఆయనకి దారి తట్టింది. వెలుగు, బరువు లాంటివి ఎంత పెరిగితే మనకి కలిగే అనుభూతి ఎంత పెరుగుతుందో లెక్కగట్టవచ్చు అని. మీరు పరీక్షలో రాసే ఫెక్నర్ సూత్రం ఆత్మ గురించిన వెతుకులాటలో దొరికింది.

ఇక విలియం జేమ్స్ దగ్గర కాసేపు ఆగాలి. 1901, 1902ల్లో ఆయన ఎడిన్‌బరోలో మతానుభవాల మీద వరసగా ఉపన్యాసాలిచ్చాడు. 1902లో అవి పుస్తకంగా వచ్చాయి. రోగగ్రస్తమైన మనసుల గురించి మాట్లాడుతూ ఒకచోట, తనకి ఉత్తరం రాసిన ఒక ఫ్రెంచివాడి అనుభవం అని చెప్పి ఒక సంఘటన చదువుతాడు. ఆ మనిషి సంధ్యవేళ ఏదో తెచ్చుకుందామని బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్లాడు. ఏ కారణమూ లేకుండా, చీకట్లోంచి వచ్చి మీద పడ్డట్టు, తను బతికి ఉండడం గురించే విపరీతమైన భయం పట్టుకుంది. వెంటనే ఒకప్పుడు పిచ్చాసుపత్రిలో చూసిన రోగి కళ్లముందు మెదిలాడు. నల్లటి జుట్టు, పచ్చగా పాలిపోయిన చర్మం. మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, ఒంటిమీదున్న ఒకే ఒక్క ముతక బనీను వాటి మీదికి లాక్కుని, రోజంతా బెంచీ మీద కదలకుండా కూర్చునే కుర్రవాడు. "ఆ రూపం నేనే, ఏదో ఒక రోజు నేనూ అలాగే అయిపోవచ్చు" అనిపించింది. ఆ తర్వాత నెలల తరబడి ఒంటరిగా చీకట్లోకి వెళ్లలేకపోయాడు. రోజూ పొద్దున కడుపులో గుబులుతో లేచేవాడు. కాళ్లకింద ఇంత లోతు ఉందని తెలియకుండా మిగతావాళ్లంతా ఎలా బతుకుతున్నారో అని ఆశ్చర్యపోయేవాడు. శాశ్వతుడైన దేవుడే నాకు ఆశ్రయం అనే అర్థమిచ్చే బైబిల్ వాక్యాలు పట్టుకుని ఉండకపోతే తనకి నిజంగానే పిచ్చి పట్టేదని రాశాడు.

ఆ ఫ్రెంచివాడు జేమ్సే. ఆ పుస్తకాన్ని ఫ్రెంచిలోకి అనువదించిన ఆయనతో తర్వాత ఒప్పుకున్నాడు. 1890లో సైకాలజీకి ప్రామాణిక గ్రంథం రాసిన మనిషి, హార్వర్డ్ ప్రొఫెసర్, తన అనుభవాన్ని తన పేరుతో చెప్పలేకపోయాడు. దాన్ని శాస్త్రంలోంచి తీసేయడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఆ పుస్తకంలో నాకు అన్నిటికంటే నచ్చేది అదే.

1913లో జాన్ వాట్సన్ వచ్చి, బయటికి కనిపించే ప్రవర్తనే మన పని, లోపల ఏముందో మనకి అక్కర్లేదు అన్నాడు. ఆ గాలి కొన్ని దశాబ్దాలు వీచింది. మీ ఫ్రెండ్స్ మాటల్లో ఇంకా వినిపిస్తున్నది అదే.

మీ డిసర్టేషన్‌కి ఒక్క జాగ్రత్త. దేవుడు ప్రార్థన విన్నాడా లేదా అన్నది మీ పరిధి కాదు. ప్రార్థించే మనిషి కష్టంలో ఏం చేస్తున్నాడు, ఆ చేసేది అతన్ని నిలబెడుతోందా, కుంగదీస్తోందా అన్నది మీ పరిధి. అమెరికాలో కెనెత్ పార్గమెంట్ దీని మీదే ఏళ్ల తరబడి పనిచేసి కొలమానాలు తయారుచేశాడు. వాటిలోని ప్రశ్నలు ఒకసారి చదివి, మీరు ప్రశ్నించబోయే మనుషులకి సరిపడతాయో లేదో చూసుకుని మొదలుపెట్టండి.

ప్రశ్న: భక్తి ఉన్నవాళ్ల మానసిక ఆరోగ్యం బాగుంటుందని, వాళ్లు మంచివాళ్లవుతారని పరిశోధనల్లో రుజువైందట. నిజమేనా?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి

జవాబు: ఇంత టోకుగా చెప్పలేమండీ. నమ్మకం ఉన్నవాళ్లలో కుంగుబాటు కొంత తక్కువ కనిపించిన అధ్యయనాలు చాలానే ఉన్నాయి. అయితే ఆ తేడా పెద్దదేం కాదు. పైగా నలుగురితో కలిసి కూర్చోవడం వల్ల వచ్చిన మేలెంత, నమ్మకం వల్ల వచ్చిందెంత అని విడదీయడం చాలా కష్టం.

మంచితనం సంగతికొస్తే అమెరికా సైకాలజిస్టు గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పాడు: మతం ద్వేషాన్ని పెంచుతుంది, అదే మతం ద్వేషాన్ని తుడిచేస్తుంది కూడా. 1967లో ఆయనా, మైకేల్ రాస్ అనే సహచరుడూ కలిసి మతాన్ని వాడుకునేవాళ్లనీ, మతాన్ని బతికేవాళ్లనీ వేరుచేసి చూశారు. హోదా కోసం, పరిచయాల కోసం గుడికో చర్చికో వెళ్లేవాళ్లలో ఇతరుల పట్ల దురభిప్రాయాలు ఎక్కువ కనిపించాయి.

1973లో డార్లీ, బాట్సన్ అనే సైకాలజిస్టులు ప్రచురించిన ప్రయోగం ఇంకా సూటిగా ఉంటుంది. ప్రిన్స్‌టన్‌లో మతగురువులయ్యేందుకు చదువుతున్న నలభై మందిని ఒక భవనం నుంచి ఇంకో భవనానికి పంపారు, అక్కడ ప్రసంగం చెయ్యాలని. దారిలో ఒక మనిషి గుమ్మం దగ్గర కూలబడి దగ్గుతూ మూలుగుతున్నాడు. తొందరేం లేదని చెప్పినవాళ్లలో 63 శాతం మంది ఆగారు. బాగా ఆలస్యమైందని తరిమినవాళ్లలో ఆగింది 10 శాతం. కొందరు చెప్పబోయే ప్రసంగం దారిలో పడి ఉన్న మనిషిని ఆదుకున్న మంచి సమరయుడి కథ మీదే. దాని వల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు. భక్తిపరులైన మనవాళ్ల మంచితనం గురించి మాట్లాడేటప్పుడు, ఆ రోజు వాళ్లకి ఎంత తీరిక ఉందో కూడా అడగాలి.

ప్రశ్న: దేవుడంటే పెద్దయ్యాక కూడా వదలని తండ్రి అవసరం తప్ప ఇంకేం లేదని ఫ్రాయిడ్ చెప్పినట్టు చదివాను. అప్పట్నుంచి ప్రార్థనకి కూర్చుంటే నన్ను నేనే మోసం చేసుకుంటున్నట్టు ఉంటోంది. మానేద్దామంటే భయం, చేద్దామంటే సిగ్గు. ఏం చెయ్యను?
– పేరు వద్దన్నారు, ముప్పై రెండేళ్లు

జవాబు: ఫ్రాయిడ్‌ని మీరు సగంలో వదిలేసినట్టున్నారు. ఇంకొంచెం చదవండి.

1907లో ఆయన ఒక వ్యాసం రాశాడు. చేతులు పదేపదే కడుక్కోవడం లాంటి వదలని చేష్టలకీ, పూజావిధులకీ పోలిక ఉందని అందులో చూపించాడు. ఏదైనా తప్పితే గుబులు పుట్టడం, ఒక క్రమం ప్రకారం జరగకపోతే మనసు ఊరుకోకపోవడం, ఇలాంటివి. 1927లో మతం మీద పూర్తి పుస్తకమే రాశాడు. మీరు చదివిన తండ్రి మాట అందులోది. ప్రకృతి ముందు, మృత్యువు ముందు మనిషి పసిబిడ్డలా నిస్సహాయుడు కనుక కాపాడే తండ్రిని కోరుకుంటాడని ఆయన వాదం.

అయితే అదే పుస్తకంలో ఆయన ఇంకో మాట చాలా స్పష్టంగా చెప్పాడు. ఒక నమ్మకం కోరికలోంచి పుట్టినంత మాత్రాన అది అబద్ధం అయిపోదు. మధ్యతరగతి ఇంటి పిల్ల తనని రాజకుమారుడు వచ్చి పెళ్లి చేసుకుంటాడని కలలు కంటే అది కోరికే. కానీ అలా జరిగిన సందర్భాలు లేకపోలేదు అన్నాడు. అంటే నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పగలిగాడు కానీ, నమ్మినది ఉందో లేదో ఆ దారిలో తేల్చలేడు. స్వయంగా నాస్తికుడైనా ఈ తేడా ఆయన దాచలేదు. ఆయన పేరు చెప్పి వాదించేవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది దీన్నే.

ఆయన స్నేహాలు కూడా చూడండి. జ్యూరిక్‌లో ఆస్కర్ ఫిస్టర్ అనే పాస్టర్ ఉండేవాడు. ఫ్రాయిడ్‌కి దాదాపు ముప్పై ఏళ్ల మిత్రుడు, ఫ్రాయిడ్ మొదలుపెట్టిన వైద్యపద్ధతి మనోవిశ్లేషణని తన సంఘంలోని మనుషుల కోసం వాడినవాడు. మనోవిశ్లేషణ మతానికి అనుకూలమూ కాదు, వ్యతిరేకమూ కాదు, బాధపడేవాళ్ల కోసం మతగురువైనా మామూలు మనిషైనా వాడుకోగలిగిన పనిముట్టు అనే అర్థంలో 1909లోనే ఫ్రాయిడ్ ఆయనకి ఉత్తరం రాశాడు. 1927 పుస్తకానికి ఫిస్టర్ 1928లో గట్టి జవాబు రాశాడు. ఆ జవాబు అచ్చయింది ఫ్రాయిడ్ సొంత పత్రికలోనే. స్నేహం చెడలేదు.

కలకత్తాలో 1922లో భారత మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించిన గిరీంద్రశేఖర్ బోస్ ఫ్రాయిడ్‌తో ఉత్తరాల్లోనే ధైర్యంగా విభేదించాడు. ఆయన గీత మీద కూడా రాసిన మనిషి. 1931లో ఫ్రాయిడ్ డెబ్బై అయిదో పుట్టినరోజుకి ఆ సంఘం దంతపు విష్ణువు విగ్రహం పంపింది. ఫ్రాయిడ్ దాన్ని తన రాతబల్ల మీద పెట్టుకున్నాడు. నమ్మలేదు, కానీ ఎదురుగా ఉంచుకున్నాడు.

మీ విషయంలో నాకు కనిపిస్తున్నది ఇది. 1979లో ఆనా-మరియా రిజుటో అనే మనోవిశ్లేషకురాలు రోగుల జీవితకథలు వివరంగా పరిశీలించి, మన మనసులోని దేవుడి రూపం ఒక్క తండ్రితోనే తయారు కాదని చూపించింది. అమ్మ, అమ్మమ్మ, చిన్నప్పుడు మనల్ని చూసి నవ్వినవాళ్లు, మనల్ని భయపెట్టినవాళ్లు అందరూ అందులో ఉంటారు. మనతో పాటు ఆ రూపం కూడా మారుతూ ఉంటుంది. "మానేద్దామంటే భయం" అని రాశారు చూడండి, నన్ను ఆపిన మాట అది. ఆ భయం ఎవరిది? మానేస్తే ఏమవుతుందని ఎవరు, ఎప్పుడు చెప్పారు? ఒక కాగితం మీద రాసుకోండి. ప్రార్థన చెయ్యాలా వద్దా అన్నది నేను చెప్పేది కాదు. ఒకవేళ చేస్తే, ఆ భయంతో కాకుండా చెయ్యగలిగితే చాలు. మానేసినా అంతే.

ప్రశ్న: మా తమ్ముడికి ఇరవై మూడేళ్లు. నెలన్నర నుంచి రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. దేవుడు తనతో మాట్లాడుతున్నాడని, తిండి మానెయ్యమని చెప్పాడని అంటున్నాడు. ఉద్యోగానికి వెళ్లడం లేదు. ఇంట్లో పెద్దవాళ్లు అది అదృష్టం, మందులు వేస్తే పాపం అంటున్నారు.
– ఒక అక్క

జవాబు: అమ్మా, ఈ వారంలోనే సైకియాట్రిస్టుకి చూపించండి. చనిపోవడం గురించి గానీ, ఎవరినైనా ఏదైనా చెయ్యడం గురించి గానీ మాట్లాడితే మాత్రం ఆ రోజే, ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఒంటరిగా వదలకండి.

దేవుడి మాట వినిపించింది అన్నంత మాత్రాన ఎవరినీ రోగి అనలేం. మేం చూసేది చుట్టూ ఉన్నవి. నిద్ర ఉందా, తింటున్నాడా, పని చేసుకోగలుగుతున్నాడా, ఆ గొంతు ఆజ్ఞలిస్తోందా, నలుగురిలోంచి విడిపోతున్నాడా? మీరు రాసినవన్నీ వైద్యం కావాలనే చెబుతున్నాయి. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు.

పెద్దవాళ్లకి ఆంటన్ బాయ్‌సెన్ గురించి చెప్పండి. అమెరికాలో మతబోధకుడు. 1920లో మతిస్థిమితం తప్పి, లోకం అంతమైపోతోందన్న భ్రమలతో ఆసుపత్రిలో చేరాడు. అక్కడ వైద్యులు తన అనుభవం గురించి మాట్లాడనివ్వలేదని, మతపెద్దలకి జబ్బు గురించి తెలియదని ఆయనకి అర్థమైంది. కోలుకున్నాక 1924లో వూస్టర్ ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో రోగుల ఆధ్యాత్మిక అవసరాలు చూసే చాప్లిన్‌గా చేరాడు. మరుసటి వేసవిలో మతగురువులవబోయే విద్యార్థుల్ని అక్కడికి పిలిపించి, పుస్తకాలతో పాటు రోగుల్ని కూడా చదవమన్నాడు. ఆసుపత్రుల్లో మతగురువులకి ఇచ్చే శిక్షణకి అది పునాది. తర్వాత కూడా ఆయనకి జబ్బు తిరగబెట్టింది, మళ్లీ కోలుకున్నాడు. భక్తుడికీ జబ్బు చేస్తుంది. వైద్యం చేయించుకున్నా భక్తుడు భక్తుడుగానే ఉంటాడు.

డాక్టరు దగ్గర తమ్ముడి నమ్మకాల గురించి సిగ్గుపడకుండా చెప్పండి. 1994లో వచ్చిన అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథంలో మతపరమైన, ఆధ్యాత్మికమైన సమస్యలకి జబ్బు ముద్ర వెయ్యకుండా విడిగా చోటిచ్చారు. ఆ తేడా చూడగలిగిన డాక్టరు దొరికితే మీ తమ్ముడు కూడా ఆయన్ని తొందరగా నమ్ముతాడు.

ప్రశ్న: నా కొడుకు పోయి పద్నాలుగు నెలలైంది. పందొమ్మిదేళ్లవాడు. రోడ్డు ప్రమాదం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి దేవుణ్ణి నమ్మాను. ఇప్పుడు ప్రార్థనకి కూర్చుంటే ఒక్కటే వస్తోంది, కోపం. ఒళ్లంతా వణికేంత కోపం. వచ్చినవాళ్లు "అంతా ఆయన ఇష్టం", "మంచివాళ్లని తొందరగా తీసుకుపోతాడు", "దీని వెనక ఏదో అర్థం ఉంటుంది" అంటున్నారు. వాళ్లని బయటికి పొమ్మనాలనిపిస్తుంది. ఇంత కోపం పాపమా? నాకేమైనా జబ్బు చేసిందా?
– ఒక తల్లి

జవాబు: తల్లీ, ఇది జబ్బు కాదు. మీ బిడ్డ పోయాడు. మీరు నమ్మినవాడు చూస్తూ ఊరుకున్నాడు. కోపం రాక ఏం వస్తుంది?

కొన్నాళ్ల కిందట ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చేవారు. భార్య పోయింది. వచ్చిన ప్రతిసారీ భుజానికి సంచీ, అందులో గుడ్డలో చుట్టిన ప్రార్థన పుస్తకం. ఎప్పుడూ తీసేవారు కాదు, పక్క కుర్చీలో పెట్టుకుని కూర్చునేవారు. ఒకరోజు అడిగాను, అది ఎందుకు మోసుకొస్తున్నారని. "ఇంట్లో ఉంచితే నన్ను చూస్తున్నట్టుంటుంది. పారెయ్యడానికి చేతులు రావు" అన్నారు. తెరిచి చదవమని నేను అనలేదు. దేవుడితో చెప్పాలనుకుంటున్నది ఇక్కడే చెప్పండి అన్నాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఆ సంచీ వైపు తిరిగి, ఏకవచనంలో, నువ్వు అంటూ మొదలుపెట్టారు. రాత్రి రెండు గంటలకి ఆవిడ ఊపిరి అందక కొట్టుకుంటుంటే నువ్వెక్కడ చచ్చావని అడిగారు. నలభై ఏళ్లు నీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను కదా అని అడిగారు. గొంతు పోయేదాకా అడిగారు. కొన్ని వారాల తర్వాత నాతో అన్న మాట ఇది: "కోపం పోలేదండీ. కానీ మాటలు మొదలయ్యాయి."

మీరు అడిగిన పాపం మాట గురించి నేను తీర్పు చెప్పేదాన్ని కాదు. కానీ దేవుణ్ణి నిలదీసిన గొంతులు భక్తి సాహిత్యంలో ఎన్ని లేవు! మనవాళ్లు దానికి నిందాస్తుతి అని పేరు పెట్టి మరీ పాడుకున్నారు. హీబ్రూ కీర్తనల్లో "నన్నెందుకు విడిచిపెట్టావు" అని మొదలయ్యే కీర్తన ఉంది. దాన్ని ఎవరూ గ్రంథంలోంచి తీసెయ్యలేదు. సైకాలజీలో జూలీ ఎక్స్‌లైన్ అనే ఆమె దేవుడి మీద కోపం గురించే పరిశోధన చేసింది. ఆప్తులు పోయినప్పుడు ఆ కోపం చాలామందికి వస్తుందని, గాఢంగా ప్రేమించి నమ్మినవాళ్లకి కూడా వస్తుందని ఆ పరిశోధనలు చెబుతున్నాయి.

ఇక "దీని వెనక ఏదో అర్థం ఉంటుంది" అన్న మాట. అర్థం గురించి ఎక్కువగా రాసిన మానసిక వైద్యుడు విక్టర్ ఫ్రాంక్ల్. ఆయన చెప్పిన ఒక సంఘటన ఉంది. ఒక ముసలి డాక్టరు భార్య పోయి రెండేళ్లయినా తేరుకోలేక ఆయన దగ్గరికి వచ్చాడు. ఫ్రాంక్ల్ ఓదార్పు మాటలేం చెప్పలేదు. "మీరే ముందు పోయి ఆవిడ మిగిలి ఉంటే?" అని అడిగాడు. ఆవిడ తట్టుకోలేకపోయేది అన్నాడు డాక్టరు. ఆ బాధ ఆవిడకి తప్పింది, దానికి బదులు ఇప్పుడు మీరు పడుతున్నారు అన్నాడు ఫ్రాంక్ల్. ఆ డాక్టరు మాట్లాడకుండా చెయ్యి కలిపి వెళ్లిపోయాడు.

ఈ కథ చదివి చాలామంది దుఃఖంలో ఉన్నవాళ్ల మీద అర్థాలు రుద్దుతారు. నాకు ఒళ్లు మండే విషయం అది. ఫ్రాంక్ల్ అడిగిన ప్రశ్న ఆ ఒక్క మనిషికి, ఆ ఒక్క పెళ్లికి సరిపోయింది. పందొమ్మిదేళ్ల కొడుకుని పోగొట్టుకున్న తల్లికి అది పనికిరాదు. అర్థం ఇంకొకరు చేతికిచ్చేది కాదని, ఎవరికి వాళ్లు కనుక్కోవాల్సిందేనని ఫ్రాంక్లే పదేపదే రాశాడు. కనుక ఇంటికొచ్చి అర్థాలు చెప్పేవాళ్లతో "ఇప్పుడు నాకు ఆ మాటలు వద్దు, ఊరికే కూర్చోండి" అనండి. అనే ఓపిక లేకపోతే ఇంట్లో ఇంకెవరితోనైనా అనిపించండి.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండండి. కోపం వేరు, "ఇది నాకు పడిన శిక్ష, ఆయన నన్ను వదిలేశాడు" అన్న ఆలోచన వేరు. నేను పైన చెప్పిన పార్గమెంట్ బృందం 596 మంది వయసు మళ్లిన ఆసుపత్రి రోగుల్ని రెండేళ్లు గమనించి 2001లో ఫలితాలు ప్రచురించింది. ఆ రెండో రకం ఆలోచనలు పట్టుకున్నవాళ్ల ఆరోగ్యం ఎక్కువ దెబ్బతిన్నట్టు తేలింది. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. ఆ ఆలోచన వస్తే ఒక్కరే మొయ్యకండి అని చెప్పడానికే. మీ కోపాన్ని విని కంగారుపడని మతపెద్ద ఎవరైనా ఉంటే ఆయనతో మాట్లాడండి. లేదా ఒక కౌన్సెలర్‌తో. నిద్ర పూర్తిగా పోయినా, బతకాలనే లేదనిపించినా ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఉత్తరంలో మీ అబ్బాయి పేరు రాయలేదు. ఇంకోసారి రాస్తే పేరు రాయండి. వాడేం చదివాడో, దేనికి నవ్వేవాడో కూడా. అచ్చు వెయ్యం. నేను చదువుకుంటాను.

ప్రశ్న: నేను నాస్తికుణ్ణి. స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఈ మధ్య ఏం చేసినా "ఎందుకిదంతా" అనిపిస్తోంది. పక్కింటి పిల్లలు ముగ్గురు సాయంత్రం లెక్కలు చెప్పించుకోవడానికి వస్తారు, అంతే. దేవుడు లేనివాడికి జీవితానికి అర్థం ఉండదని ఒక మిత్రుడన్నాడు. మీ శాస్త్రం ఏమంటుంది?
– ఒక మాస్టారు

జవాబు: మాస్టారూ, మీ మిత్రుడితో నేను ఏకీభవించను. ఫ్రాంక్ల్ కూడా ఏకీభవించేవాడు కాదు, ఆయన దైవభక్తుడై ఉండి కూడా.

వియన్నాకి చెందిన ఆ యూదు డాక్టరుని 1942లో నాజీలు నిర్బంధించారు. ఆష్‌విట్జ్ మరణశిబిరానికి చేరేటప్పటికి ఆయన దగ్గర, కోటులో దాచిన తన మొదటి పుస్తకం రాతప్రతి ఉంది. కోటుతో పాటు అదీ పోయింది. బదులుగా, అప్పటికే చంపేసిన ఎవరిదో చిరిగిన కోటు ఇచ్చారు. దాని జేబులో హీబ్రూ ప్రార్థన పుస్తకంలోంచి చింపిన ఒక కాగితం దొరికింది. తల్లి, తండ్రి, సోదరుడు, భార్య ఎవరూ మిగల్లేదు. బయటపడ్డాక తొమ్మిది రోజుల్లో తన అనుభవాలు చెప్పి రాయించాడు, 1946లో అవి పుస్తకంగా వచ్చాయి.

ఇంత అయ్యాక కూడా ఆయన రోగులకి దేవుణ్ణి సూచించలేదు. మతం చూసేది మోక్షం సంగతి, వైద్యుడు చూసేది మనసు ఆరోగ్యం సంగతి, ఒకదాని పని ఇంకొకటి చెయ్యకూడదన్నాడు. ఆయన చూపించిన దారులు మూడు: మనం చేసే పని, మనం ప్రేమించే మనుషులు, తప్పించుకోలేని బాధని మోసే తీరు. మూడింట్లో దేనికీ ఆస్తికుడై ఉండాలన్న నియమం లేదు. శిబిరంలో చనిపోదామనుకున్న ఇద్దరి గురించి రాశాడు. ఒకరి బిడ్డ వేరే దేశంలో ఎదురుచూస్తున్నాడు. ఇంకొకాయన శాస్త్రవేత్త, రాస్తున్న పుస్తకాల వరస సగంలో ఉంది, ఆయన తప్ప ఎవరూ పూర్తిచెయ్యలేరు. జీవితం నుంచి మనకింకేం దొరుకుతుంది అని కాకుండా, జీవితానికి మన నుంచి ఏం కావాలి అని ప్రశ్నించుకోమన్నాడు.

ముందుగా ఒక పని. రిటైరయ్యాక వచ్చే ఈ నిరాసక్తతలో కొంత కుంగుబాటు కూడా ఉండొచ్చు. నిద్ర, ఆకలి తగ్గి ఉంటే డాక్టరుకి చూపించుకోండి. అది తత్వచింతనతో తగ్గదు.

తర్వాత మీ ఉత్తరంలో "అంతే" అని తోసేసిన వాక్యం. ఆ ముగ్గురిలో లెక్కలంటే భయం ఎవరికి? మీరు చెప్పాక ఏ లెక్క దగ్గర ఆ భయం తగ్గింది? వచ్చే ఉత్తరంలో దాని గురించి వివరంగా రాయండి.